వేడిని తట్టుకునే జన్యువులున్నాయి సరే, పగడాలు వాటంతట అవే గట్టెక్కుతాయా?

అలల అంచు (చర్చ ప్రారంభించినవారు)

పగడాల గురించి ఏ కథనం చదివినా సంతాప సభ ధోరణిలోనే ఉంటోంది. నాకు అభ్యంతరం అక్కడే. అమెరికన్ సమోవాలోని ఓఫు దీవి దగ్గర ఒకే పగడపు దిబ్బ మీద రెండు మడుగులున్నాయి. ఆటు సమయంలో ఒకదానిలో నీరు 35 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, రెండోదానిలో 32 దాటడం అరుదు. రెండింటిలోనూ అక్రోపోరా హయసింథస్ అనే పగడం పెరుగుతోంది. 2013లో బార్షిస్, పలుంబి బృందం రెండు చోట్ల నుంచీ ముక్కలు తెచ్చి ఒకే రకంగా వేడి చేసి చూసింది. వేడి మడుగు పగడాల్లో దాదాపు 60 జన్యువులు వేడి తగలకముందే హెచ్చు స్థాయిలో పనిచేస్తూ కనిపించాయి. ప్రొటీన్లను కాపాడేవి, ఆక్సీకరణ నష్టాన్ని అడ్డుకునేవి, రోగనిరోధకానికి చెందినవి అందులో ఉన్నాయి. అంటే ఆ పగడాలు ముందే సిద్ధమై కూర్చున్నాయి. కోట్ల ఏళ్లుగా ఎన్నో ఉపద్రవాలను దాటి వచ్చిన వంశం ఇది. మనం ప్రయోగశాలల్లో సంకరాలు చేసి, సముద్రంలో నాటి, ఇంత హడావిడి చేయాలా? ప్రకృతి వరణాన్ని దాని పని దాన్ని చేసుకోనివ్వకూడదా?

సూక్ష్మదర్శి

ఓఫు కథను మీరు సగంలో ఆపేశారు. అదే బృందం 2014లో పగడాలను ఒక మడుగు నుంచి మరో మడుగుకు మార్చి పెంచింది. చల్లటి మడుగులో పుట్టినవి వేడి మడుగులో రెండేళ్లు గడవకముందే వేడిని తట్టుకునే సహనాన్ని చెప్పుకోదగ్గంతగా సంపాదించాయి. ప్రకృతి వరణం ద్వారా అయితే అంత మార్పుకు ఎన్నో తరాలు పట్టేదని వారి అంచనా. మొత్తం మీద సహనంలో సుమారు సగం పుట్టుకతో వచ్చింది, మిగతా సగం బతికిన చోటు నేర్పింది. మీ వాదన ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తోంది.

జన్యు వ్యక్తీకరణ అంటే ఫలానా క్షణంలో ఏ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందన్న లెక్క. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారకుండానే అది గంటల్లో తారుమారవుతుంది. పగలూ రాత్రికీ తేడా వస్తుంది. నీరు వేడెక్కితే పగడంలో ఉంటూ దానికి తిండి తయారుచేసే సూక్ష్మ శైవలాల కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పుతుంది, చురుకైన ఆక్సిజన్ అణువులు పోగవుతాయి, ప్రొటీన్ల మడతలు విడిపోతాయి. వాటిని సరిచేసే ప్రొటీన్ల జన్యువులు హెచ్చుతాయి, కణ విభజన తగ్గుతుంది. ఇది గాయపడిన జీవి స్పందన. దీన్ని చూసి ‘పరిణామం చెందింది’ అనడం తొందరపాటు.

పైగా ఈ ముందస్తు సన్నద్ధతకు ఖర్చుంది. దొంగ వచ్చినా రాకపోయినా కాపలావాడికి నెలనెలా జీతం ఇవ్వాల్సిందే. ఆ శక్తి ఎదుగుదల నుంచో గుడ్ల నుంచో రావాలి.

అలల అంచు

సగం పుట్టుకతో వచ్చిందని మీరే రాశారు. నాకు ఆ సగం చాలు. అదే ఓఫు పగడాల మీద బే, పలుంబి చేసిన మరో పరిశోధనలో రెండు మడుగుల మధ్య 114 చోట్ల డీఎన్‌ఏ తేడాలు స్పష్టంగా తేలాయి. ముడిసరుకు సిద్ధంగా ఉంటే వరణం ఎందుకు ఆగుతుంది? ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016 కంటే 2017లో పగడాలు తెల్లబారడానికి, అంటే వేడికి లోపలి శైవలాలను పోగొట్టుకోవడానికి, ఎక్కువ వేడి అవసరమైందని హ్యూస్ బృందం చెప్పింది కదా. బలహీనమైనవి పోయాయి, బలమైనవి మిగిలాయి.

ఉప్పుగాలి

‘బలహీనమైనవి పోయాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 2016లో ఆ దిబ్బల్లో లోతు తక్కువ చోట్ల ఉన్న పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. 2017 నాటి తేడాకు అదే బృందం రెండు కారణాలూ ముందుంచింది. త్వరగా చచ్చే జాతులు అప్పటికే చచ్చాయి, మిగిలినవి కొంత అలవాటు పడి ఉండవచ్చు. మొదటిది పరిణామం కాదు, జాతుల జాబితా కుదించుకుపోవడం. కొమ్మల పగడాలు పోయి గుండ్రటివి మిగిలితే సగటు సహనం కాగితం మీద పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ కొమ్మల మధ్య బతికే చేపలకు ఆ సగటుతో ఏం పని?

ఇక వరణం పనిచేయాలంటే బతికినవి పిల్లల్ని కనాలి. 2018లో ఆ దిబ్బల మీద కొత్తగా కుదురుకున్న పిల్ల పగడాలు అంతకుముందు లెక్కలతో పోలిస్తే 89 శాతం తగ్గాయి. తల్లులే లేనప్పుడు మేలైన జన్యువులు ఎవరి ద్వారా వెళతాయి?

తరాల లెక్క కూడా చూడండి. అక్రోపోరా గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా గుడ్లు విడుదల చేసేది చాలా చోట్ల ఏడాదికి ఒక్కసారి. 1980ల తొలినాళ్లలో ఒక దిబ్బ తీవ్రంగా తెల్లబారిన తర్వాత మళ్లీ అలా జరగడానికి 25-30 ఏళ్ల వ్యవధి ఉండేది. ఇప్పుడది ఆరేళ్లకు పడిపోయింది. ఒక తరం ఎదిగే లోపే మరో దెబ్బ.

సందేహి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను జీవశాస్త్రం చదవలేదు. ఇంతసేపూ పగడం జన్యువుల గురించే మాట్లాడుతున్నారు. లోపల ఉండే శైవలాల సంగతి? పగడానికి తిండి పెట్టేది అవే అంటారు. పగడం తన జన్యువులు మార్చుకునే బదులు శైవలాన్నే మార్చుకుంటే పోదా?

సూక్ష్మదర్శి

మార్చుకుంటాయి. క్లాడోకోపియం అనే రకం పోయి డ్యూరుస్డీనియం రకం పెరిగితే సహనం 1 నుంచి 1.5 డిగ్రీల దాకా హెచ్చుతుందని బెర్కెల్‌మన్స్, వాన్ ఓపెన్ 2006లో చూపించారు. దానికి కట్టాల్సిన మూల్యం కూడా తెలిసిందే. రెండు రకాల శైవలాలతో పిల్ల పగడాలను పెంచి చూస్తే క్లాడోకోపియం ఉన్నవి రెండు మూడు రెట్లు వేగంగా పెరిగాయి. వేడిని తట్టుకునే భాగస్వామి తిండి దగ్గర పిసినారి.

మెల్‌బోర్న్‌లో ఇంకో దారి తొక్కారు. క్లాడోకోపియంనే 31 డిగ్రీల వేడిలో నాలుగేళ్లు పెంచారు. శైవలాల తరాలు త్వరగా మారతాయి కాబట్టి పరిణామం కళ్లముందే జరుగుతుంది. అలా తయారైన పది వంశాల్లో మూడు మాత్రమే పగడం లార్వాల్లోకి (నీటిలో తేలే పసి పగడాల్లోకి) వెళ్లాక వాటి సహనాన్ని పెంచాయి. మిగతా ఏడూ పరీక్షనాళికలో వీరులు, పగడంలో మామూలే. విడిగా పెంచినప్పటి గెలుపు లోపలికి వెళ్లాక నిలుస్తుందన్న హామీ లేదు.

అలల అంచు

శైవలాలను కాసేపు పక్కన పెడదాం, పగడానికి సొంత సత్తా ఉందనడానికి నా దగ్గర అంతకన్నా మంచి సాక్ష్యం ఉంది. 2015లో డిక్సన్ బృందం గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఉత్తరాన (అటే నీరు ఎక్కువ వెచ్చన) ప్రిన్సెస్ షార్లెట్ బే, దక్షిణాన ఆర్ఫియస్ దీవి దగ్గరి అక్రోపోరా మిల్లెపోరాలను కలిపి లార్వాలను పుట్టించింది. ఈ రెండు చోట్ల మధ్య ఐదు డిగ్రీల అక్షాంశం తేడా. వేడి చోటి తల్లిదండ్రులున్న లార్వాలు బతికే అవకాశం పది రెట్ల దాకా పెరిగింది. ఈ జాతి లార్వాల్లో తల్లి నుంచి వచ్చే శైవలాలు ఉండవు. కాబట్టి ఆ సహనం ముమ్మాటికీ పగడానిదే, వారసత్వంగా వచ్చిందే.

ఉప్పుగాలి

అద్భుతమైన ప్రయోగం. మీ వాదనకు విరుద్ధమైన ప్రయోగం కూడా! ఆ సంకరం చేసింది మనుషులు. దూరంగా ఉన్న రెండు చోట్ల జన్యువులను దగ్గరికి చేర్చారు కాబట్టే ఆ పది రెట్లు. ‘ప్రకృతిని వదిలేయండి’ అని మొదలుపెట్టి, వదిలేయకుండా చేసిన పనిని సాక్ష్యంగా తెచ్చారు.

అలల అంచు

లార్వాలు ప్రవాహాల్లో కొట్టుకుపోతూ అదే పని చేస్తాయి. మనుషులు కనిపెట్టిందేమీ లేదు.

ఉప్పుగాలి

చేస్తాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి జన్యువులు నెమ్మదిగా జారుతూనే ఉంటాయి. ఎంత నెమ్మదిగా అన్నదే తగాదా. ఆ ప్రయోగంలో తల్లి ప్రభావం తండ్రి ప్రభావం కంటే ఎక్కువని కూడా తేలింది. గుడ్డు ద్వారా అందిన మైటోకాండ్రియా, ఇతర సరుకు కూడా అందులో పాలు పంచుకుని ఉండవచ్చు. పది రెట్లను నేరుగా జన్యువుల ఖాతాలో రాసేయకండి.

సందేహి

ఇంకొక్క ప్రశ్న. వేడిని తట్టుకునే ‘ఆ’ జన్యువేదో దొరికితే దాన్నే సవరించి పగడాలన్నిటికీ పెట్టవచ్చు కదా? డీఎన్‌ఏను కత్తిరించి సవరించే క్రిస్పర్ పద్ధతి గురించి వింటున్నాం.

సూక్ష్మదర్శి

అసలు చిక్కు ఇదే. 2020లో క్లీవ్స్ బృందం అక్రోపోరా మిల్లెపోరా లార్వాల్లో హెచ్ఎస్ఎఫ్1 అనే జన్యువును క్రిస్పర్‌తో పనిచేయకుండా చేసింది. వేడికి స్పందించే ఎన్నో జన్యువులను మేల్కొలిపేది ఇదే. అది పోయిన లార్వాలు 27 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నాయి, 34 దగ్గర త్వరగా చచ్చిపోయాయి. ఆ జన్యువు అవసరమని రుజువైంది. కానీ అది లేకపోతే చావడం వేరు, దాన్ని పెంచితే బతకడం వేరు.

అదే ఏడాది ఫుల్లర్ బృందం అదే జాతిలో 12 దిబ్బల నుంచి 237 పగడాల డీఎన్‌ఏ చదివింది. తెల్లబారడాన్ని ఒంటిచేత్తో నిర్ణయించే జన్యువేదీ తేలలేదు. ఎన్నో చోట్ల చిన్న చిన్న ప్రభావాలు కలిసి పనిచేస్తాయి. వాటిని కూడినా, చుట్టూ ఉన్న వాతావరణం, లోపలున్న శైవలం ఏమిటన్నది కూడా లెక్కలోకి తీసుకుంటేనే అంచనా పనికొచ్చింది. సాక్సిన్ అనే జన్యువు దగ్గర మాత్రం రెండు పాత రూపాలు చాలా కాలంగా పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. ఒక రూపం అన్ని పరిస్థితుల్లోనూ మేలైతే రెండోది ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి. పోలేదంటే ఒక్కో పరిస్థితిలో ఒక్కో రూపం మేలు చేస్తూ ఉండి ఉండాలి. ఇలాంటి చోట ‘మంచి జన్యువు’ను అందరికీ పంచడం ప్రమాదకరమైన ఆట.

కెరటాల కాపరి

చాలాసేపటిగా చదువుతున్నాను. సహనం సహనం అంటున్నారే తప్ప దాన్ని ఎలా కొలుస్తున్నారో ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో సగం గొడవ అక్కడే ఉంది.

ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న పరీక్షకు 18 గంటలు చాలు. ఒక్కో పగడం నుంచి చిటికెన వేలంత కొమ్మలు నాలుగు విరిచి నాలుగు తొట్లలో పెడతారు. ఒక తొట్టి ఆ చోటి మామూలు వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర ఉంటుంది. మిగతావి దానికి మూడు, ఆరు, తొమ్మిది డిగ్రీలు ఎక్కువ. మూడు గంటల్లో వేడి పెంచి, మూడు గంటలు నిలిపి, ఒక గంటలో దించి, రాత్రంతా మామూలు నీటిలో ఉంచుతారు. చీకటిలో ఒక కాంతి మీటరును కొమ్మకు ఆనించి శైవలాల కిరణజన్య సామర్థ్యం ఎంత మిగిలిందో చదువుతారు. చౌక, వేగం, పడవ మీద కూడా చేయవచ్చు. కాదనను.

అయితే సముద్రంలో వేడి అలలు 18 గంటల్లో పోవు, వారాల తరబడి ఉంటాయి. పసిఫిక్‌లోని పలావు దీవుల్లో హ్యూమనెస్ బృందం అక్రోపోరా డిజిటిఫెరా మీద చేసిన పని 2024లో వెలువడింది. కొన్ని తల్లిదండ్రులను పది రోజుల తీవ్రమైన వేడికి నిలిచినందుకు, కొన్నింటిని నెల రోజుల ఓ మోస్తరు వేడికి నిలిచినందుకు ఎంచుకున్నారు. పిల్లలు పెద్దయ్యాక పరీక్షిస్తే రెండు రకాల సహనమూ వారసత్వంగా వచ్చింది. అయితే మొదటి రకం ఉన్నంత మాత్రాన రెండో రకం వస్తుందనడానికి దాదాపు ఆధారం దొరకలేదు. ఇక లాభం ఎంత? ఒక తరంలో సుమారు ఒక డిగ్రీ-వారం. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా ఒక వారం ఉంటే అది ఒక డిగ్రీ-వారం. నాలుగు దాటితే పగడాలు తెల్లబారతాయని, ఎనిమిది దాటితే పెద్దఎత్తున చస్తాయని సాధారణ లెక్క.

జన్యు వ్యక్తీకరణ లెక్కలకూ ఇదే తలనొప్పి. అక్రోపోరా మీద జరిగిన ఎన్నో ప్రయోగాలను డిక్సన్, మాట్జ్ తదితరులు ఒక చోట చేర్చి చూస్తే స్పందన రెండు విధాలుగా విడిపోయింది. దెబ్బ తీవ్రంగా ఉంటే అవే జన్యువులు పెరిగాయి, తేలిగ్గా ఉంటే తగ్గాయి. ఏ వేడి, ఎన్ని గంటలు అన్నది చెప్పకుండా ‘ఈ జన్యువు పెరిగింది కాబట్టి పగడం గట్టిది’ అనే వాక్యానికి అర్థమే లేదు.

అలల అంచు

కాపరి గారూ, మీ లెక్క నా వైపే మొగ్గుతోంది. అంత కష్టపడి సంకరం చేస్తే వచ్చేది ఒక డిగ్రీ-వారం. దానికోసం ఒక చోటి పగడాలను ఇంకో చోటికి తరలించి, స్థానిక జన్యువులను కలగాపులగం చేయాలా? స్థానికంగా ఉన్న రోగాలకు, లవణీయతకు శతాబ్దాలుగా అమరిన జన్యు సముదాయం చెదిరిపోతే ఎవరు జవాబుదారీ?

ఉప్పుగాలి

చెదరడానికి ఏదైనా మిగిలి ఉంటే కదా. ఫ్లోరిడాలో 2023 వేడికి కీస్, డ్రై టోర్టుగస్ ప్రాంతాల్లో ఎల్క్‌హార్న్, స్టాగ్‌హార్న్ పగడాలు 98 నుంచి 100 శాతం చనిపోయాయి. 2025లో హోండురాస్‌లోని టేలా ఎల్క్‌హార్న్‌తో ఫ్లోరిడా ఎల్క్‌హార్న్‌ను కలిపి పుట్టించిన పిల్లల్ని మయామి దగ్గర నాటారు. అక్కడ ‘స్థానిక సముదాయాన్ని కాపాడండి’ అంటే ఏ సముదాయాన్ని? మీ భయం పలావులో సబబు, ఫ్లోరిడాలో కాదు.

అలల అంచు

ఫ్లోరిడా విషయంలో పట్టుబట్టను. కానీ ఒక్క చోటి అత్యవసర వైద్యాన్ని అన్ని సముద్రాలకూ పథ్యంగా రాయడాన్ని మాత్రం ఒప్పుకోను. ఓఫు వేడి మడుగులాంటి చోట్లను ముందు వెతికి, మురుగు, మితిమీరిన చేపల వేట లేకుండా కాపాడండి. విత్తనం అక్కడే ఉంది.

కెరటాల కాపరి

కాపాడాల్సిందే, ఆ మాట మీద ఎవరికీ పేచీ లేదు. ఆ చోట్లను ఎంచడానికి ఏ పరీక్ష వాడతారన్నదే నా పేచీ. వేడి మడుగులు రోజూ మధ్యాహ్నం కాసేపు మండి సాయంత్రానికి చల్లబడతాయి. అలాంటి చోట పెరిగిన పగడం కొద్దిసేపటి మంటకు నిలుస్తుంది. ఆరు వారాలు తగ్గని వేడికి నిలుస్తుందో లేదో పలావు ఫలితం చూశాక నేను పందెం కాయను. 18 గంటల పరీక్షతో వందల పగడాలను వడపోయండి, మిగిలినవాటిలో కొన్నింటినైనా నెల రోజుల వేడిలో పెట్టి చూడండి. రెండింటిలోనూ నెగ్గినవి దొరికిన దిబ్బకు నా ఓటు, అది వేడి మడుగైనా కాకపోయినా.

సూక్ష్మదర్శి

దానికి ఒక్క సవరణ. నెల పరీక్షకు పంపేవాటిలో 18 గంటల పరీక్షలో ఓడినవి కూడా కొన్ని ఉండాలి. రెండు సహనాలకూ పొంతన లేదంటే, నెల రోజుల వేడికి నిలిచేవి మొదటి వడపోతలోనే జారిపోయి ఉండవచ్చు.