బొంతకు కుట్టు వరసల మధ్య ఎంత ఎడం ఉంచాలి?
పైనా కిందా పాత నూలు చీరలు, మధ్యలో పలచగా పరిచిన ఏకిన దూది. కొలత 90 × 60 అంగుళాలు. పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే కచ్చాకుట్లు అయ్యాయి, అసలు కుట్టు నడిమి నుంచి అంచులకు వేయాలి.

12 అంగుళాల ముక్కలు రెండు కుట్టి, ఉతికి చూశాను. 4 అంగుళాల ఎడంలో దూది జారి ఉండలు కట్టింది. అంగుళం ఎడంలో కదల్లేదు గానీ ముక్క అట్టలా బిగుసుకుంది. పైగా చీర నలిగి మెత్తబడిన చోట దారం లాగగానే బట్ట పిగిలింది.

2 అంగుళాలు సరిపోతుందా? నిలువు వరసలు చాలా, గళ్లు కొడితేనే దూది నిలుస్తుందా? కాళ్ల వైపు మాత్రం దగ్గరగా కుడితే అక్కడ ముడుచుకుని బొంత వంకర పోతుందేమో, అదే నా భయం. చేయి తిరిగినవాళ్లు చెప్పండి.