ఐరన్ సిరప్ పోస్తే బాబుకు మోషన్ నల్లగా వస్తోంది, ఆపేయాలా?

పరకాల అమ్మ:
మా బాబుకు ఇరవై నెలలు, బరువు పది కిలోలు. ఆశా అక్క ఐరన్ సిరప్ సీసా ఇచ్చి వారానికి రెండుసార్లు పోయమంది. బుధవారం, శనివారం పోస్తున్నాను. అప్పటి నుంచి మోషన్ నల్లగా వస్తోంది. మా అత్తమ్మ మందు పడలేదని సీసా అటక మీద పెట్టేసింది. మా ఆయన మెడికల్ షాపులో వేరే ఐరన్ టానిక్ తెచ్చాడు. రెండూ పోయవచ్చా? బాబు అన్నం సరిగా తినడు, బర్రె పాలు మాత్రం సీసాతో రోజుకు నాలుగైదుసార్లు తాగుతాడు. రక్తపరీక్ష చేయించలేదు.

రిటైర్డ్ ఏఎన్ఎం, నర్సంపేట:
బిడ్డా, మోషన్ నల్లబడటం మందు పడకపోవడం కాదు. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. తారులా జిగటగా, బాగా కంపుతో వచ్చినా, ఎర్రగా రక్తం కనబడినా అప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తు. సీసా అటక మీద ఉండటం ఒకందుకు మంచిదే, పిల్లాడి చేతికి అందితే, ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. పోసే రోజు మాత్రం దించు.

రెండు మందులూ కలిపి పోయకు. ఆశా ఇచ్చిన సిరప్‌లో ఒక ఎంఎల్‌కు 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్తం తగ్గకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చేది, ఒక్కోసారి ఒక ఎంఎల్ చొప్పున వారానికి మొత్తం 40 మిల్లీగ్రాములే. నిజంగా రక్తం తక్కువైతే కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, అంటే మీ వాడికి రోజుకు 30. అది పరీక్ష చేసి డాక్టర్ రాయాల్సిన మందు. షాపు టానిక్‌ను మీ ఆయన అంచనాతో పోయడం వద్దు. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించు, ముందు ఆ అంకె తెలియాలి.

నాకు అసలు టెన్షన్ ఆ పాల సీసా. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, పైగా కడుపు నిండిపోయి అన్నం ముట్టడు. నేను ఊళ్లు తిరిగినన్నాళ్లూ బొద్దుగా ఉండి పాలిపోయిన పిల్లలను ఎందరినో చూశాను, తల్లులు మాత్రం ‘పాలు బాగా తాగుతాడు’ అని మురిసిపోయేవారు. అర లీటరు దాటనివ్వకు, సీసా మాని గ్లాసుతో పట్టు. సిరప్ కూడా పాలతో, చాయ్‌తో కాకుండా అన్నం తిన్నాక పోయాలి. అన్నంలో పప్పు, పుంటికూర, నిమ్మరసం పిండు, పులుపు ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. మాంసం తింటారా? అయితే వారానికోసారి కార్జం మెత్తగా ఉడికించి పెట్టు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెద్దవాళ్లు తినేయకుండా చూడు, మా ఊళ్లో సగం అలాగే పోయేది!

నులిపురుగుల మందు ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇస్తారు, ఏడాది దాటి రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర పొడి చేసి. అది కూడా వేయించు.

ములుగు నాన్న:
ఒక మాట నేనూ చెప్తా. మా పాపకు రోజూ ఐరన్ వాడినా నెల దాటాక హిమోగ్లోబిన్ కదల్లేదు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయిస్తే తలసేమియా మైనర్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం, అని తేలింది. మేనరికాలున్న ఇళ్లలో ఇది అడగాల్సిన పరీక్ష. అయినా పరకాల అక్కా, భయపడకండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వందకు డెబ్బై మందికి రక్తహీనత ఉంది. మీ ఒక్కరి ఇంట్లో సమస్య కాదు.

పరకాల అమ్మ:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. టానిక్ రేపు షాపులో తిరిగి ఇచ్చేయమంటాను. ఈ రోజు శనివారం, కానీ వాడికి జ్వరం ఉంది. సిరప్ పోయాలా?

రిటైర్డ్ ఏఎన్ఎం, నర్సంపేట:
ఈ రోజు వద్దు. జ్వరం తగ్గి, మామూలుగా తింటున్నప్పుడు మళ్లీ మొదలుపెట్టు. తప్పిపోయిందని బుధవారం రెండు ఎంఎల్ పోయకు, ఒకటే.