దూరదూరంగా ఉన్నవారి ఉమ్మడి పనిపై పరిశోధన: గుంటూరు నుంచి దారి ఏది?

ప్రశ్న: అరండల్‌పేట ఇంజనీరు, గుంటూరు

కంప్యూటర్ సైన్సులో ఎంటెక్ చేసి, నాలుగేళ్లుగా ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేస్తున్నాను. మా బృందంలో కొందరు పుణేలో, కొందరు పోలండ్‌లో, నాలాంటివారు ఇళ్లలో ఉన్నారు. పని ఎక్కడ ఆగిందో రోజూ అరగంట కూర్చుని రాసి అప్పగిస్తాను. తెల్లవారి చూస్తే, అందులో జవాబున్న ప్రశ్ననే అవతలివారు మళ్లీ అడిగి ఉంటారు. సాఫ్ట్‌వేర్‌ను రెండుసార్లు మార్చాం, అలవాటు మారలేదు. ఇలా ఎందుకు జరుగుతుందో అధ్యయనం చేయడాన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా? జీతం వదులుకుని ఎలా బతుకుతావని నాన్నగారు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు 1: అధ్యాపకుడు, విజయవాడ

తప్పకుండా పెట్టుకోవచ్చు. నలుగురు కలిసి చేసే పనికి కంప్యూటరు ఎలా తోడ్పడాలన్న అధ్యయనానికి 1984లో ఐరీన్ గ్రీఫ్, పాల్ కాష్‌మన్ ‘కంప్యూటర్ సపోర్టెడ్ కోఆపరేటివ్ వర్క్’ అని పేరుపెట్టారు. క్లుప్తంగా సీఎస్‌సీడబ్ల్యూ అంటాం. దీని తొలి సదస్సు 1986లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జరిగింది.

మీ అనుభవం చదవగానే 1988లో ఈ రంగపు పరిశోధకుడు జొనాథన్ గ్రూడిన్ చూపిన కారణం గుర్తుకొచ్చింది: శ్రమ ఒకరిదీ లాభం మరొకరిదీ అయినప్పుడు ఇలాంటి సాధనాలు మూలనపడతాయి. మీరు శ్రమపడి రాసినా లాభపడాల్సినవారు చదవడం లేదు కదా అని మీరు అనవచ్చు. అయితే చదవడమూ శ్రమే. మిమ్మల్ని అడిగితే ఒక్క వాక్యంలో తేలిపోయేదానికి వారు రెండు పేజీలు ఎందుకు వెతుకుతారు? ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడిన పనిని దూరదూరంగా పంచితే చిక్కు తప్పదనీ, ఇరువైపులా ఉమ్మడి అవగాహన లేనిచోట సాధనాలు పెద్దగా ఆదుకోలేవనీ పరిశోధకులైన ఓల్సన్ దంపతులు 2000లో వాదించారు. వీడియో నాణ్యత పెరిగితే దూరం చెరిగిపోతుందనుకునేవారికి ఈ మాట ఇప్పటికీ రుచించదు.

జవాబు 2: పరిశోధకురాలు, బెంగళూరు (స్వస్థలం తెనాలి)

ఈ రంగంలోకి రెండు గుమ్మాలున్నాయి. ఒకే పత్రాన్ని పదిమంది ఒకేసారి దిద్దినా ప్రతులు తేడా రాకుండా చూడడం మొదటిది: 1989లో ఎల్లిస్, గిబ్స్ ప్రతిపాదించిన ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ (ఒకరి మార్పుకు తగ్గట్టు మరొకరి మార్పును సర్దే పద్ధతి), 2011లో మార్క్ షపీరో బృందం నిర్వచించిన సీఆర్‌డీటీలు (విడివిడిగా మార్చినా చివరికి ఒకేలా కలిసిపోయే డేటా నిర్మాణాలు) దీని కిందికి వస్తాయి. మనుషులు పనిచేసేచోట నెలల తరబడి కూర్చుని, చూసి, అడిగి, రాసుకోవడం రెండోది. మీ చదువు మొదటిదానికి సరిపోతుంది గాని మీ ప్రశ్న రెండోదానిది. ఇంటర్వ్యూ చేయడం, విన్నదాన్ని విశ్లేషించడం కొత్తగా నేర్చుకోవాలి. మనలాంటి ఇంజనీర్లకు నోరు మూసుకుని వినడమే అన్నిటికన్నా ఆలస్యంగా అబ్బుతుంది.

2005లో బెంగళూరులో మొదలైన మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ప్రయోగశాలలో, పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్లు రీసెర్చ్ ఫెలోగా పనిచేసే వీలుంది. నాన్నగారికి చెప్పాల్సిన లెక్క: 2023 జనవరి నుంచి పరిశోధన విద్యార్థికిచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాతి సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000; ఇంటి అద్దె భత్యం అదనం. మీ ఇప్పటి జీతంతో పోల్చితే తక్కువే కావచ్చు, దాచి ప్రయోజనం లేదు. పూర్తిగా పరిశోధనే చేసే ఉద్యోగాలూ కొద్దే. చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ సంస్థల్లో యూజర్ రీసెర్చర్లుగా, అంటే వాడేవారి అవసరాలను అధ్యయనం చేసేవారిగా స్థిరపడతారు.

జవాబు 3: కమిషన్ వ్యాపారి, గుంటూరు మిర్చి యార్డు

అమ్మా, సంస్థలంటే మెడలో కార్డు వేసుకునేవేనా? రైతు ఊళ్లో ఉంటాడు, టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి, నమూనా నా కొట్లో ఉంటుంది, ఎగుమతిదారు మరో రాష్ట్రంలో ఉంటాడు. నలుగురివీ నాలుగు పుస్తకాలు, అందరి మీదా అజమాయిషీ చేసేవాడు ఒక్కడూ లేడు. అయినా సరుకు కదులుతూనే ఉంటుంది. 2016లో ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ వచ్చి వేలం తెరమీదికెక్కింది గాని, కాయ తుంచి రంగు చూడనిదే ధర పలకని కొనుగోలుదారులు నాకు ఇప్పటికీ ఉన్నారు. ఒక సీజను వచ్చి మా కొట్లో కూర్చోండి.

అరండల్‌పేట ఇంజనీరు

యార్డు మా ఇంటికి ఇంత దగ్గరలో ఉన్నా ఈ ఆలోచన నాకు తట్టలేదు, తప్పకుండా వస్తాను. ఈలోగా మా బృందం సందేశాలనే పోగుచేసి విశ్లేషించడం మొదలుపెట్టవచ్చా?

అధ్యాపకుడు, విజయవాడ

వద్దు. అవి సంస్థవీ, మీ సహోద్యోగులవీ. అనుమతి లేకుండా పోగుచేస్తే ఉద్యోగానికే ముప్పు, ఆ సమాచారాన్ని ఏ పరిశోధన పత్రికా స్వీకరించదు. రోజూ మీరు ఏం రాశారో, ఎందుకు రాశారో, ఏ ప్రశ్న తిరిగి వచ్చిందో, పేర్లు లేకుండా మీ సొంత డైరీలో ఒక నెల రాసుకోండి. యార్డుకు వెళ్లినప్పుడు కూడా కొట్టు యజమాని ఒప్పుకుంటే సరిపోదు, రైతునూ గుమాస్తానూ విడిగా అడగాలి.