చాటుగా రికార్డు చేసిన రాక్ షో: తప్పా, కాదా?

ఎమ్మార్‌పల్లి గిటార్:
తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పెద్ద రాక్ షో జరగదు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా లాంటి పెద్ద రాక్ బ్యాండ్‌లు వాయించింది బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. అట్లాంటివి వినాలంటే ఇక్కడివాళ్ళు బెంగళూరుకో చెన్నైకో బస్సెక్కాల్సిందే. ఊళ్ళో ఉండేవి కాలేజీ ఫెస్ట్‌లు, చిన్న హాళ్ళలో వాయించే కుర్రాళ్ళ బ్యాండ్‌లు. రెండు చోట్లకీ జేబులో రికార్డర్ దాచుకుని పోయేవాళ్ళు ఉన్నారు. అది తప్పా అన్నదే ప్రశ్న. నా మాట అయితే తప్పు కాదు. పెద్ద షోలో గేటు దగ్గర రికార్డర్ లాక్కునేది టికెట్ అమ్మినవాడి మనుషులు, బ్యాండ్ కాదు. బ్యాండ్‌కి అభ్యంతరం ఉందో లేదో ఎవరూ అడిగి ఉండరు. చిన్న షో సంగతి ఇంకా అన్యాయం. ఆ రాత్రి వాయించింది మర్నాటికి ఎక్కడా ఉండదు.

మిక్సర్ వెనక:
రికార్డు చేయడం మీద నాకు గొడవ లేదు, దాచడం మీదే. దాచితే పని కూడా చెడుతుంది. ప్యాంటు జేబులో ఫోన్ పెట్టి తీసింది వినండి. బట్ట అడ్డం వచ్చి సింబల్స్ మాయమవుతాయి, బేస్ మాత్రం బుస్సుమంటుంది. ఫోన్‌లో ఆటోమేటిక్ గెయిన్ (చప్పుడుని బట్టి రికార్డింగ్ లెవెల్‌ని తనే పెంచి తగ్గించేది) ఉంటుంది కాబట్టి కిక్ డ్రమ్ పడిన ప్రతిసారీ పాడేవాడి గొంతు కిందికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది. దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు. అలాంటిది యూట్యూబ్‌లో పెడితే వినేవాడు బ్యాండే బాగా వాయించలేదనుకుంటాడు.

టేపు చుట్ట:
అన్నా, ఫోన్ పెట్టుకుని తీసేవాళ్ళని చూపించి టేపర్లందరినీ (షోలు రికార్డు చేసుకునేవాళ్ళని) కొట్టేయకండి. సరిగ్గా చేసేవాళ్ళ పద్ధతి వేరు.

రెండు చిన్న ఎలక్ట్రెట్ మైకులు, ఓమ్ని రకం, అంటే అన్ని వైపుల నుంచీ వినేవి. చొక్కా కాలరుకి రెండు వైపులా గానీ, టోపీ అంచుకి చెవుల పక్కన గానీ, మధ్యలో సుమారు 18 సెంటీమీటర్ల ఎడంతో. మధ్యలో తల ఉండటం వల్ల కుడి ఎడమలు సహజంగా విడిపోతాయి. రాక్ షోలో 100 నుంచి 110 డెసిబెల్స్ మామూలే. రికార్డర్ మైక్ సాకెట్ ఇచ్చే రెండు మూడు వోల్టులతో ఆ సైజు మైకు అంత చప్పుడు తట్టుకోలేక సౌండ్ లోపలే పగులుతుంది, అంటే డిస్టార్ట్ అవుతుంది. అందుకే మధ్యలో 9 వోల్ట్ బ్యాటరీ బాక్స్ పెట్టి, దాని నుంచి వైరు మైక్ సాకెట్‌కి కాకుండా లైన్ ఇన్‌కి (బలమైన సిగ్నల్ తీసుకునే సాకెట్‌కి) ఇస్తారు. కొత్త రికార్డర్లలో ఎంత పెద్ద సిగ్నల్‌నైనా పట్టే 32 బిట్ ఫ్లోట్ ఉంది కదా, లెవెల్ గురించి బెంగ లేదు అనుకుంటారు చాలామంది. పగిలేది మైకులోనే అయితే ఆ 32 బిట్లు పగిలిన సౌండ్‌నే చక్కగా దాచిపెడతాయి.

మామూలు రికార్డర్ అయితే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, ఆటో గెయిన్ ఆఫ్. మొదటి పాటలో పీక్స్ (సౌండ్ అన్నిటికన్నా పైకి లేచే చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టి ఇక ముట్టుకోకూడదు. షో సాగే కొద్దీ మిక్సర్ (మైకుల, వాయిద్యాల సౌండ్ కలిపే బోర్డు) దగ్గర వాల్యూమ్ పెంచుతూనే పోతారు, ఆ పన్నెండూ దానికే సరిపోతాయి. గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది. బటన్లని లాక్ చేసే హోల్డ్ బటన్ నొక్కకపోతే జేబులో తొడ తగిలి రికార్డింగ్ ఆగిపోతుంది, ఎక్కువమంది షో పోగొట్టుకునేది ఇక్కడే.

గరగర వచ్చేది ఎక్కువగా మైకు వల్ల కాదు, వైరు వల్ల. మైకు కింద రెండంగుళాల దూరంలో వైరుని చిన్న చుట్టలా మడిచి మైక్రోపోర్ టేపుతో (గాయాల కట్టుకి వాడే కాగితం టేపు) బట్టకి అంటించాలి. అప్పుడు కింద ఎంత కదిలినా ఆ కుదుపు మైకు దాకా ఎక్కదు. నిలబడాల్సింది మిక్సర్‌కి కాస్త ముందు, మధ్య గీత మీద. ఈలలు వేసే గుంపుకి దూరంగా. పక్కనోడు వేసిన ఈల పాట మధ్యలో పడితే దాన్ని శుభ్రంగా తీసేయడం కుదరదు, ఎలక్ట్రిక్ గిటార్ మోగే ఫ్రీక్వెన్సీల్లోనే అదీ ఉంటుంది.

కట్టమంచి డ్రమ్స్:
ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళు చాటుగా ఎందుకు చేయాలి? వాయించేవాళ్ళ వైపు నుంచి చెప్తాను. కొత్త పాటని ముందు స్టేజి మీద పెట్టి చూస్తారు. రెండో చరణానికి సాహిత్యం కుదరకపోయినా నోటికొచ్చింది పాడతారు, టెంపో కూడా తేలి ఉండదు. జనం ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్ తీశారో చూసి పాటని దిద్దుకుంటారు. ఆ పచ్చి పాట మర్నాడు ఇంటర్నెట్‌లో ఉంటే, ఆర్నెల్ల తర్వాత స్టూడియోలో చేసింది విని "ముందుదే బాగుంది" అంటారు. అందుకే చాలా బ్యాండ్‌లు కొత్తవి వాయించడమే మానేస్తాయి. నష్టం వినేవాళ్ళకే.

గ్రీమ్స్‌పేట లా:
చట్టం ఏం చెప్తుందో కూడా మధ్యలో ఉండనీయండి. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 38 కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఇస్తుంది. రికార్డు చేయడం, కాపీలు పంచడం, జనానికి వినిపించడం అన్నీ 38ఏ కింద అతని చేతిలోవే. కానీ సెక్షన్ 39లో మినహాయింపు ఉంది: రికార్డు చేసినవాడు తన సొంత వాడకానికి చేసుకున్నా, నిజమైన బోధనకో పరిశోధనకో చేసినా హక్కు ఉల్లంఘన కాదు. అంటే ఇంట్లో వినడానికి చేసుకున్నదీ, యూట్యూబ్‌లో పెట్టిందీ చట్టం కళ్ళకి ఒకటి కాదు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. టికెట్ వెనక "రికార్డింగ్ నిషేధం" అని ఉంటే అది వేరే సంగతి. మినహాయింపు చూపించినా బయటికి పంపే హక్కు నిర్వాహకుడికి ఉంటుంది.

ఎమ్మార్‌పల్లి గిటార్:
చూశారా, సొంతానికి తప్పు లేదు! పంచుకోవడం విషయానికొస్తే దారి చూపించినవాళ్ళు ఎప్పుడో ఉన్నారు. అమెరికా రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో టేపర్లకి మిక్సర్ వెనక విడిగా చోటు ఇచ్చింది. టేపులు మార్చుకోవచ్చు, అమ్మకూడదు, అంతే షరతు. ఆ టేపుల వల్ల వాళ్ళ షోలకి జనం తగ్గలేదు. పెర్ల్ జామ్ అనే ఇంకో అమెరికా బ్యాండ్ అయితే 2000 పర్యటనలో దాదాపు ప్రతి షోనీ తనే రికార్డు చేసి 72 ఆల్బమ్‌లుగా అమ్మింది.

కట్టమంచి డ్రమ్స్:
ఆ రెండూ నా మాటకే సాక్ష్యం కదా! రెండు చోట్లా బ్యాండ్ సరే అన్నది. ఒకచోట వేరే చోటు ఇచ్చింది, ఇంకోచోట పని తనే చేసుకుంది. చాటుగా చేసినదానికి అవి సమర్థన ఎలా అవుతాయి?

కపిలతీర్థం వీణ:
రాక్ నాకు అంతగా తెలియదు, అయినా ఈ ఊరివాళ్ళం కాబట్టి ఒకటి అడుగుతా. తిరుమల సంకీర్తన భాండాగారంలో 1922లో బయటపడిన రాగిరేకుల మీద అన్నమయ్య పాటలు వేలల్లో ఉన్నాయి. ప్రతి పాట నెత్తినా రాగం పేరు ఉంది. ఆయన ఎలా పాడాడో మాత్రం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిలాంటి సంగీత విద్వాంసులు మళ్ళీ స్వరం కట్టాల్సి వచ్చింది. సాహిత్యం రాగి మీద నిలిచింది, పాట గాల్లో పోయింది. ఎవరి అనుమతి లేకుండానైనా సరే, ఆ గొంతు నిలిచి ఉంటే వద్దంటామా?

కట్టమంచి డ్రమ్స్:
అక్కా, ఆ రేకులు చెక్కించింది సొంత కొడుకు పెద తిరుమలాచార్యులు. ఏది నిలవాలో, ఎలా నిలవాలో ఇంటివాళ్ళే చూసుకున్నారు. గోడ చాటున కూర్చుని ఎవరో రాసుకుపోయింది కాదు.

కపిలతీర్థం వీణ:
ఆ మాట ఒప్పుకుంటున్నా. కానీ కాలేజీ ఫెస్ట్‌లో వాయించే పిల్లలకి రేకులు చెక్కించే కొడుకు ఎవరు? నాలుగేళ్ళకి బ్యాండ్ విడిపోతుంది, ఒక్క పాట మిగలదు. అక్కడ చాటుగా తీసినవాడే దిక్కు.

మిక్సర్ వెనక:
ఆ పిల్లల షోలోనే చాటు అవసరం లేదమ్మా. అడిగితే మిక్సర్ నుంచే ఫీడ్ (నేరుగా వైరులో వచ్చే సౌండ్) ఇస్తారు. ఫుట్ పెడల్స్ సర్దుకుంటున్న కుర్రాడి దగ్గరికి పోయి "అన్నా, రికార్డు చేసుకోవచ్చా" అంటే వద్దనేవాళ్ళు తక్కువ.

టేపు చుట్ట:
ఇస్తారు గానీ, చిన్న హాల్లో ఆ ఫీడ్ ఒక్కటే వింటే ఏముంటుంది? డ్రమ్స్, గిటార్ యాంప్ స్టేజి మీంచే చాలినంత మోగుతాయి కాబట్టి మిక్సర్‌లోకి వాటిని పెద్దగా పంపరు. ఫీడ్‌లో గొంతు నెత్తిన కూర్చుంటుంది, డ్రమ్స్ పక్కింట్లో వాయిస్తున్నట్టు ఉంటుంది. జనం మధ్య పెట్టిన మైకు కూడా కావాలి.

మిక్సర్ వెనక:
నిజమే. అందుకే రెండూ తీసి కలపాలి, అది బాహాటంగా అయితేనే కుదురుతుంది. మైకు స్టాండు మీద ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టొచ్చు, తలల మీంచి నేరుగా సౌండ్ వస్తుంది. కాలరుకి పెట్టిన మైకు ముందువాడి వీపు వింటుంది.

కలిపేటప్పుడు జాగ్రత్త. స్పీకర్ నుంచి 20 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి సౌండ్ సుమారు 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సర్దకుండా కలిపితే ప్రతి స్నేర్ (చురుగ్గా టప్‌మని మోగే డ్రమ్) దెబ్బా రెండుసార్లు పడుతుంది. ఒక స్నేర్ దెబ్బ చూసుకుని జరపాలి. అంతటితో అయిపోదు. రెండు రికార్డర్ల గడియారాల మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు జారుతుంది. చివరి పాటలోనూ ఒక దెబ్బ చూసుకుని ఫైలుని ఆ మేరకు సాగదీయాలి.

ఫీడ్ తీసుకునేటప్పుడు మిక్సర్ లైన్ లెవెల్‌ని రికార్డర్ మైక్ సాకెట్‌లో గుచ్చకండి, మొదటి దెబ్బకే సౌండ్ పగులుతుంది. లైన్ ఇన్ లేకపోతే సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ పెట్టండి, ఫాంటమ్ పవర్ (రికార్డర్ మైకుకి పంపే కరెంటు) ఆఫ్ చేయండి.

ఎమ్మార్‌పల్లి గిటార్:
చిన్న షోలకి ఒప్పుకుంటా, అడగడమే మేలు. బెంగళూరు లాంటి పెద్ద షోలో ఎవరిని అడగాలి? గేటు మనిషినా?

మిక్సర్ వెనక:
గేటు మనిషి చేతిలో ఏమీ లేదు. రెండు వారాల ముందే బ్యాండ్ మేనేజ్‌మెంట్‌కి మెయిల్ పెట్టాలి. పెద్ద బ్యాండ్ జవాబే ఇవ్వకపోవచ్చు, అప్పుడు రికార్డర్ ఇంట్లో పెట్టి పోండి.

టేపు చుట్ట:
ఆ ఒక్కచోట మీతో రాను. జవాబివ్వకపోవడం వద్దనడం కాదు. సెక్షన్ 39 మేరకు తీసుకుంటా, ఎక్కడా పెట్టను.

కట్టమంచి డ్రమ్స్:
ఎక్కడా పెట్టనంటే వాట్సాప్‌లో పంపడం కూడా మానేస్తే అభ్యంతరం లేదు. ఒక్కరికి పంపినా అది ఊరంతా తిరుగుతుంది.

మిక్సర్ వెనక:
ఊళ్ళో షోలకి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. సౌండ్ చెక్ అప్పుడే వచ్చి అడగండి, కేబుల్ మీరే తెచ్చుకోండి. షోకి పది నిమిషాల ముందు వస్తే మిక్సర్ దగ్గర ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు.