మదీనా మూడు భాగాల తర్వాత ఏ నహ్వ్ (అరబీ వాక్య వ్యాకరణం) పుస్తకం: ఆజుర్రూమియ్యానా, హిదాయతున్నహ్వా?

గుంటూరు_పాఠకురాలు: మదీనా అరబీ పాఠాలు మూడు భాగాలూ అయ్యాయి. హరకాత్ (అచ్చుల గుర్తులు) లేని పేజీ మాత్రం చదవలేకపోతున్నాను. అల్ బలాగతుల్ వాదిహా (బలాగత్ అనే వాక్చాతుర్య శాస్త్ర పాఠ్యపుస్తకం) పట్టే ముందు నహ్వ్‌కి ఏది మేలు?

ఖతర్_పక్షం: ఆజుర్రూమియ్యా. కొద్ది పేజీల మత్నే (సంక్షిప్త మూలపాఠం). కంఠతా పట్టి, ఇబ్న్ హిషామ్ ఖతరున్నదాకి వెళ్లండి. దానికి షర్హ్ (వ్యాఖ్య) కూడా ఆయనదే.

బస్రా_దారి: వద్దండీ. అమ్ర్ (ఆజ్ఞార్థక) క్రియ ఎప్పుడూ మజ్జూమ్ (వేరే మాట వల్ల చివరి అచ్చు పోయినది) అంటుంది ఆజుర్రూమియ్యా. అది కూఫా వ్యాకరణ పక్షం వాళ్ల మాట, బస్రా పక్షానిది కాదు. ‘ఉక్తుబ్’ (‘నువ్వు రాయి’) చివర సుకూన్ (అచ్చు లేకపోవడం) తెచ్చిన ఆమిల్ (పదం చివరను మార్చే మాట) ఏది? కనబడదు. అమ్ర్ మబ్నీ (చివర మారనిది). హిదాయా చదవండి: మర్ఫూఆత్, మన్సూబాత్, మజ్రూరాత్ (విభక్తుల వారీ మూడు వర్గాలు), అంతా కాఫియా అనే నహ్వ్ గ్రంథం వరసే.

ఖతర్_పక్షం: కూఫా వాళ్లకూ జవాబుంది: మూలం ‘లితక్తుబ్’, ఆమిల్ అయిన లామ్ (‘లి’) లోపించింది. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ‘బస్రాలో మబ్నీ’ అని రాసుకుంటే సరి. ఒక్క మాటకి పుస్తకమే పారేస్తారా?

బస్రా_దారి: ఒక్క మాటేం కాదు. జర్ విభక్తిని ఖఫ్ద్ అంటుంది. ప్రత్యేకంగా మారే అస్మా (నామాలు) ఐదంటుంది, వేరేచోట ఆరు.

సర్ఫ్_ముందు: ఇద్దరూ సర్ఫ్ (పదరూపాల శాస్త్రం) వదిలేశారు. ఖాల, యఖూలు, ఖుల్ (అన్నాడు, అంటాడు, అను) ఎందుకలా మారాయో ఆజుర్రూమియ్యా చెప్పదు.

బస్రా_దారి: మత్న్ గడగడా అప్పజెప్పేవాళ్లు ఫాతిహాకి (ఖురాన్ మొదటి అధ్యాయం) ఇఅరాబ్ (ఏ పదం చివర ఎందుకలా ఉందో) చెప్పలేక నీళ్లు నమలడం ఎన్నిసార్లు చూడాలి? బట్టీ పట్టించే మీలాంటి వాళ్ల వల్లే ఇది!

ఖతర్_పక్షం: అన్వయం చేయించని వాళ్ల తప్పు మత్న్ మీద రుద్దకండి. నహ్వ్ ముగియకుండా బలాగత్ ముట్టకూడదు, అంతే.

బస్రా_దారి: అదీ అసలు పేచీ! మీకు బలాగత్ వేరే శాస్త్రం. బలాగత్ గ్రంథం దలాఇలుల్ ఇఅజాజ్‌లో అబ్దుల్ ఖాహిర్ జుర్జానీకి నజ్మ్ (పదాల కూర్పు) అంటే నహ్వ్ అర్థాలను పాటించడమే. ‘జైదున్ మున్తలిఖున్’ (జైద్ బయల్దేరాడు): ప్రయాణం సంగతే తెలియనివాడికి. ‘జైదునిల్ మున్తలిఖు’ (బయల్దేరినవాడు జైదే): ఎవరో బయల్దేరారని తెలిసి, ఎవరన్నది తెలియనివాడికి. రెండింటా ఇఅరాబ్ ఒకటే, ముబ్తదా ఖబర్ (ఎవరి గురించి, ఏం చెబుతున్నాం). ఇది ముబ్తదా పాఠం రోజే చెప్పాలి.

ఖతర్_పక్షం: ‘ఇయ్యాక నఅబుదు’లో (‘నిన్నే ఆరాధిస్తాం’) ఇయ్యాక మఫ్ఊల్ (కర్మ) అని తెలియనివాడికి, అది ముందుకొచ్చిందని ఎలా తెలుస్తుంది? అందులోనూ తెలుగులో కర్మ ముందుండటం మామూలే. ‘నిన్నే’ అని ఏకారం పెడితేగానీ ఆ అర్థం రాదు. మనవాళ్లు సరిగ్గా అక్కడే జారతారు.

సర్ఫ్_ముందు: చెల్లెమ్మా, వాదిహా పీఠిక తర్వాత తష్బీహ్‌తో (ఉపమ) మొదలవుతుంది. ఆ బయాన్ (అలంకారాల) భాగానికి ఇఅరాబ్ ఇంత లోతుగా అక్కర్లేదు. ఇప్పుడే మొదలుపెట్టి, మఆనీ (వాక్యనిర్మాణ) భాగానికి వచ్చేలోగా ఖతర్ పూర్తిచేయండి. రోజూ రెండు క్రియలకు పూర్తి తస్రీఫ్ (రూపాల పట్టిక) రాయండి.

బస్రా_దారి: ఖతర్‌కి ఒప్పుకుంటాను. అమ్ర్ మబ్నీ అనే చెబుతుంది.