డ్రై ఐస్ పొగ నిమిషంలో ఆగిపోతోంది, కాస్త సాయం చేయండి

తెరచాటు: మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలుగా దీనితోనే కుస్తీ. నాటకంలో స్వర్గం దృశ్యం ఉంది, నేలంతా మేఘాలు పరచుకోవాలి. బకెట్టు నీళ్లలో డ్రై ఐస్ వేస్తే బుసబుసమని వస్తుంది, నిమిషం తిరగకుండా చల్లబడిపోతుంది. ముక్కలు మాత్రం అడుగున అలాగే ఉన్నాయి. నాసిరకం సరుకు అంటగట్టారా? ప్రదర్శన రేపే!

నిదానం: నీళ్లు వేడివా, చల్లవా?

పదనిధి: ముందుగా ఒక మాట. అది పొగ కాదు. ఏదైనా కాలితే వచ్చేది పొగ. మీకు కనిపించేది నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని తుంపర, అంటే పొగమంచు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, ఆ వాయువు అసలు కంటికి కనిపించదు. అందరూ ఇలా రాసి రాసి భాషను పాడుచేస్తున్నారు.

పాతకాపు: పొగమంచులోనూ పొగ ఉంది కదా స్వామీ. అయినా ఈ తంటా ఎందుకు? గ్లైకాల్ ద్రవాన్ని వేడిచేసి పొగ వదిలే యంత్రం తెచ్చుకుంటే మీట నొక్కితే చాలు.

నిదానం: దాని పొగ పైకి లేస్తుంది. వారికి కావలసింది నేల మీద.

తెరచాటు: కుళాయి నీళ్లే పోశాం. నీళ్లతో ఏమి సంబంధం?

నిదానం: అంతా దానితోనే. డ్రై ఐస్ చల్లదనం మైనస్ 78.5 డిగ్రీలు. చల్లని నీళ్లలో వేస్తే ముక్క చుట్టూ మామూలు మంచు పెంకు కట్టుకుంటుంది, ఆపై ఏమీ రాదు. 60 డిగ్రీల దాకా వేడిచేసిన నీళ్లు పోయండి. ముక్కలు కొద్దికొద్దిగా వేయండి, నీళ్లు చల్లారితే మార్చండి. మందపాటి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

తెరచాటు: అద్భుతం, వచ్చింది! ఇక డ్రమ్ముకు మూత బిగించి గొట్టంతో వేదిక మీదికి పంపుతాం.

నిదానం: బిగించవద్దు. కిలో ముక్క ఆవిరైతే 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. గొట్టం మూసుకుపోతే డ్రమ్ము పేలుతుంది. వేదిక మీద ఎవరైనా కింద పడుకుంటారా?

పదనిధి: "ఆవిరైతే" కాదు. ఘనం నేరుగా వాయువుగా మారడం ఉత్పతనం.

తెరచాటు: చెప్పలేదు కదూ? తొమ్మిదేళ్ల బాబు ఆరు నిమిషాలు నేల మీద నిద్ర నటిస్తాడు. మేఘాలలో మునిగిపోయి భలే ఉన్నాడు.

నిదానం: వెంటనే లేపండి. ఆ వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలను అంటుకునే ఉంటుంది. తలనొప్పి, ఆయాసంతో మొదలై స్పృహ కూడా తప్పవచ్చు. మేఘం ఎవరి ముఖం దాకా రాకూడదు. తలుపులు తెరిచి ఉంచండి.

పాతకాపు: యంత్రం తెచ్చుకోమని నేను ఎప్పుడో చెప్పాను.

తెరచాటు: బాబును ఎత్తైన ఊయలలోకి మార్చాం. అందరికీ ధన్యవాదాలు. మిగిలిన ముక్కలు రేపటికి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాం.

నిదానం: డబ్బా మూత బిగుతైనదా? థర్మాకోల్ పెట్టెలో, వదులు మూతతో, గాలి ఆడే చోట ఉంచాలి.

నిదానం: ఉన్నారా?