లోన్ అగ్రిమెంటులో "ఇతర సమస్త బాకీలు": సంతకానికి ముందే మార్పించుకోవచ్చా?

అడిగినవారు: ప్రొద్దుటూరు_వాసి

ఇల్లు తనఖా పెట్టి 12 లక్షల టర్మ్ లోన్. సంతకాలు సోమవారం. డ్రాఫ్టులో మూడు వాక్యాల దగ్గర ఆగినాము.

ఒకటి: "రుణగ్రహీత ఇప్పుడు గానీ ఇకముందు గానీ, ఒంటరిగా గానీ జామీనుదారుగా గానీ బ్యాంకుకు పడే సమస్త బాకీలకు ఈ ఆస్తి హామీగా ఉండును."
రెండు: "బ్యాంకు ఎప్పటికప్పుడు నిర్ణయించు ఇతర ఛార్జీలు."
మూడు: "బ్యాంకు అభిప్రాయంలో తిరిగి చెల్లింపునకు భంగం కలిగించు మరే ఇతర సంఘటన జరిగినా" లోన్ మొత్తం ఒకేసారి కట్టాల.

ఇదే బ్రాంచిలో బావమరిది ట్రాక్టర్ లోన్‌కు జామీను పడమంటున్నాడు. అచ్చు ఫారం మారదని మేనేజరు గారి మాట. దేనికి పట్టుబట్టాల, ఏది వదిలేయొచ్చు?

కడప_సివిల్

పట్టుబట్టాల్సింది మొదటిదానికే అన్నా. "జామీనుదారుగా గానీ" అన్న రెండు మాటలతో రేపు ట్రాక్టర్ కంతులు ఆగినా మీ ఇల్లు అందులో ఇరుక్కుంటుంది. మీ 12 లక్షలు పైసాతో సహా తీరిపోయినా సరే.

ఇక్కడే ఇంకో మెలిక. లోన్ తీరినాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు వాపసు ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2023 డిసెంబరు 1 నుంచి. కానీ ఈ వాక్యం ఉంటే బ్యాంకు "ఇంకో ఖాతాలో బాకీ ఉంది కదా" అంటుంది. అప్పుడు వాదన మొదలు.

ఫారం మారదనేది సగం నిజం. మామూలుగా చివర షెడ్యూలులో "ప్రత్యేక షరతులు" అని ఖాళీ ఉంటుంది. అక్కడ ఇట్లా రాయించండి: "ఈ ఆస్తి లోన్ ఖాతా నంబరు ఫలానా కింద అసలు 12 లక్షలు, దానిపై వడ్డీ, ఖర్చులకు మాత్రమే హామీ. వేరే ఏ బాకీకీ, జామీనుకూ వర్తించదు. అచ్చు క్లాజులతో తేడా వస్తే ఇదే చెల్లును." పక్కన మీరు, మేనేజరు ఇద్దరూ సంతకం పెట్టాల. అచ్చు మాటకూ ప్రత్యేకంగా రాసిన మాటకూ పొంతన కుదరకపోతే కోర్టులు రాసినదాని వైపే మొగ్గుతాయి.

విడిగా లెటరు ఇస్తామంటే ఒప్పుకోకండి. "ముందు జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల కంటే ఈ అగ్రిమెంటే చెల్లును" అని చాలా ఫారాల్లో ఇంకో క్లాజు ఉంటుంది, ఆ లెటరు దాంతో గాలికి పోతుంది. తనఖా మెమొరాండంలోనూ (దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్లు రాసుకునే కాగితం) ఇదే మాట ఉండేటట్లు చూసుకోండి. అగ్రిమెంటులో రాయించి మెమొరాండంలో వదిలేస్తే లాభం లేదు.

లెక్కల_మనిషి, అనంతపురం

రెండోదానికి పెద్ద గొడవ అక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఛార్జీలు, ముఖ్య షరతులు ఒకేచోట చూపే కాగితం) తప్పనిసరి. అందులో చూపని ఛార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా లోన్ కాలంలో ఎప్పుడూ వేయకూడదు. మీకు అర్థమయ్యే భాషలో ఉండాల, కాబట్టి తెలుగులోనే అడగండి. చూసుకోవడానికి కనీసం 3 పనిదినాలు టైం ఉంటుంది. సోమవారం సంతకమంటే ఆ కాగితం ఈపాటికి మీ చేతిలో ఉండాల్సింది!

చూడాల్సింది ఏపీఆర్ గడి. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు, లీగల్ ఖర్చు కలిపి తేలే రేటు అది. అక్కడ కూడా "ఇతరములు: వాస్తవ ఖర్చు" అని రాసి ఉంటే ఏమేమి ఖర్చులో పేర్లు రాయించండి. కంతు ఆలస్యమైతే వేసేది ఇప్పుడు పీనల్ ఛార్జీయే (జరిమానా), అదనపు వడ్డీ కాదు. దాన్ని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

కర్నూలు_అడ్వకేట్

మూడోదాని సంగతి. జాబితా చివర "మరే ఇతర" అని వస్తే, దాన్ని ముందున్న వాటి జాతికి చెందినదిగానే చదవాలని ఒక సూత్రం ఉంది. దివాలా, ఆస్తి జప్తు, తప్పుడు డిక్లరేషన్ అని వరుసగా ఉంటే "ఇతర సంఘటన" కూడా ఆ కోవదే కావాల. అందుకే డ్రాఫ్టు రాసేవాళ్లు "పైవాటికే పరిమితం కాకుండా" అని చేరుస్తారు. మీ దాంట్లో ఆ మాట ఉందేమో వెతకండి. ఉంటే కొట్టేయించి, "బ్యాంకు అభిప్రాయంలో" ముందు "సహేతుకమైన" చేర్చి, 30 రోజుల రాతపూర్వక నోటీసు అడగండి.

మరీ భయపడొద్దు కూడా. ఈ క్లాజు చూపి లోన్ వెనక్కి అడగొచ్చు గానీ, సర్ఫేసీ చట్టం (కోర్టుకు పోకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద ఇంటిమీదికి రావాలంటే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కావాల, మామూలుగా 90 రోజులు బాకీ నిలిస్తే అవుతుంది. ఆపైన బాకీ కట్టమని ఇచ్చే సెక్షన్ 13(2) నోటీసుకు 60 రోజులు గడువు. మీ అభ్యంతరానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాల.

ప్రొద్దుటూరు_వాసి

షెడ్యూలులో రాయించి, తర్వాత జామీను పడితే ఇబ్బంది లేదా?

కడప_సివిల్

ఇల్లు బయటపడుతుంది, మీరు బయటపడరు. జామీను పత్రంలో "కంటిన్యూయింగ్" అని ఉంటే ఆ ట్రాక్టర్ లోన్‌తో ఆగదు, ఆ బ్యాంకులో అతను తర్వాత తీసుకునే అప్పులకూ పాకుతుంది. ఇకముందు జరిగే లావాదేవీల వరకు జామీనును నోటీసిచ్చి ఆపుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 130లో ఉంది, చాలా ఫారాలు దాన్నీ వదులుకున్నట్లు రాయించుకుంటాయి. మొత్తం, లోన్ నంబరు నింపని జామీను పత్రం మీద సంతకం పెట్టొద్దు.